మూత్ర పరీక్షలో ఇంటివారి వంతు

పాఠశాల వార్షిక సంచికలో మూత్రమును గూర్చిన వ్యాసమేమని కొందరు పెద్దలు నొసలు చిట్లింపవచ్చును. కారణము చెప్పెదను. మన పాఠశాలకు బిడ్డలను పంపు తల్లులలో పెక్కుమంది తమిళము చక్కగా మాటలాడగలరు, చదువలేరు. ప్రయోగశాలవారిచ్చు సూచనల కాగితమో తమిళములోను, ఆంగ్లములోను మాత్రమే ఉండును. గడచిన సంవత్సరమున ఇట్టి కాగితము చేతబట్టుకొని ఇద్దరు తల్లులు నా గదికి వచ్చిరి. "అయ్యవారూ, దీంట్లో ఏం రాసుండారో చూసి చెప్పండి" అని అడిగిరి. వారిలో ఒకామె అప్పటికే డబ్బా సగము నింపినది. పారబోయవలసిన తొలి మూత్రమును కూడ అందులోనే పోసినది. ఆమె శ్రమ వృథా అయి మరల మొదటినుండి ఆరంభింపవలసి వచ్చెను.

మన శరీరమున నాళములు లేని గ్రంథులు కొన్ని కలవు. అవి స్రవించు హార్మోనులు రక్తములో కలసి తమ పని తీర్చుకొనిన పిమ్మట, కాలేయము మొదలగు అవయవములలో రూపు మారి, మూత్రపిండముల గుండ వెలికి వచ్చును. ఈ మారిన పదార్థములను కొలిచి లోపలి గ్రంథి ఎట్లు పనిచేయుచున్నదో వైద్యులు ఊహింతురు. పొయ్యిలోని బూడిదను చూచి ఎంత కట్టె కాలినదో చెప్పుట వంటిది ఇది. అయితే ఆ బూడిద మిక్కిలి కొద్ది. 1931లో బూటెనాంట్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పురుష హార్మోనుకు సంబంధించిన ఒక పదార్థమును మూత్రమునుండి వేరుచేసినప్పుడు, వేలకొలది లీటర్లను వడబోయగా లభించినది కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే. ఇంత స్వల్పమైన దానిని కొలుచునప్పుడు మన ఇంటిలో జరుగు చిన్న పొరపాటు ఫలితములో పెద్దదై కనబడును.

కొన్ని పరీక్షలకు ఒక్క తడవ మూత్రము చాలును. గర్భ నిర్ధారణకు ఉదయపు తొలి మూత్రము మేలనుట అది చిక్కగా ఉండుట చేతనే. మరికొన్నింటికి 24 గంటల మూత్రమంతయు కావలెను. ఏలయన హార్మోనులు దినమంతయు ఒకే తీరున స్రవింపవు. కార్టిసాల్ అనునది వేకువ సమయమున హెచ్చుగను, నడిరేయి మిక్కిలి తక్కువగను ఉండును. ఏదో ఒక వేళ పట్టిన గిన్నెడు మూత్రము దినము మొత్తమును గూర్చి సరియైన సాక్ష్యము చెప్పజాలదు.

ఈ 24 గంటల లెక్కలోనే మనవారు తడబడుచున్నారు. ఉదయము 6 గంటలకు ఆరంభించితిరనుకొనుడు. అప్పుడు మూత్రము విడిచి పారబోసి, ఆ సమయమును వ్రాసికొనవలెను. అది రాత్రి తయారైనది గాన మన లెక్కలోనిది కాదు. అటుపిమ్మట ప్రతి తడవయు డబ్బాలో చేరవలెను. మరునాడు 6 గంటలకు మరల విడిచి, దానిని మాత్రము తప్పక చేర్చి ముగింపవలెను. మలవిసర్జన వేళ వచ్చు మూత్రము కూడ లెక్కలోనిదే; పెక్కుమంది దానిని మరతురు.

నేనును మరచినవాడనే. ఐదేండ్ల క్రిందట నా రక్తపోటు మందులకు లొంగకుండెను. అధివృక్క గ్రంథిలో అరుదుగా పుట్టు ఒక కంతి ఉన్నదేమో అని అనుమానించి, మెటనెఫ్రిన్ పరీక్షకై వైద్యుడు 24 గంటల మూత్రము తెమ్మనెను. సెలవు దినమున చేయక, పాఠశాల పనిదినముననే మొదలిడితిని. పదకొండు గంటల వేళ ఏదో తొందరలో అలవాటు చొప్పున పాఠశాల మరుగుదొడ్డికి పోయి వచ్చితిని. డబ్బా ఇంటిలో ఉన్నది. ఒక్క తడవకు ఏమగునులే అని, చెప్పుటకు సిగ్గుపడి ఊరకుంటిని. తప్పు దాచిన పిల్లవానిని బల్లపై నిలబెట్టు నేనే అట్లు చేసితిని.

ఫలితము వచ్చినది. మెటనెఫ్రిన్ తక్కువగనే ఉన్నది. కాని క్రియాటినిన్ కూడ ఉండవలసినంత లేదని, సేకరణ అసంపూర్ణమై ఉండునని ప్రయోగశాలవారు క్రింద వ్రాసిరి. ఈ క్రియాటినిన్ కండరములనుండి పుట్టి, మూత్రపిండములు సరిగా ఉన్నచో ప్రతిదినము ఇంచుమించు ఒకే పరిమాణమున వెలికివచ్చును. ఎదిగిన పురుషునకు సుమారు 1 నుండి 2 గ్రాములు. అందుచేత దానిని తూకపురాయిగా వాడుదురు. 1500 మిల్లీలీటర్లలో 300 పోయినచో, కొలువదలచిన పదార్థములో దాదాపు అయిదవ వంతు కూడ పోయినట్లే. హద్దుకు కొంచెము పైనున్న రోగి హద్దుకు లోపల ఉన్నట్లు కనబడును. కంతి ఉండియు లేదని ఇంటికి పంపబడును. నేను ఆదివారము నాడు మరల పట్టి ఇచ్చితిని. కంతి లేదని అప్పుడు గాని నమ్మకముగా తెలియలేదు.

ఇక నిలువజేయుట. మూత్రములో చేరిన సూక్ష్మజీవులకు వెచ్చదనము పండుగ. అనుకూలమైన స్థితిలో కొన్ని జాతులు 20 నిమిషములకు ఒకసారి రెట్టింపగును. ఒకటి రెండు గంటలకు 64 అగును. ఆరు గంటలకెంతయో మీ ఆరవ తరగతి బిడ్డనడుగుడు. కాలేయము స్టిరాయిడు హార్మోనులకు గ్లూకురోనిక్ ఆమ్లమును జోడించి పంపును. కొన్ని సూక్ష్మజీవుల రసము ఆ జోడును విడదీయును. జోడును కొలుచు పరీక్షలో అప్పుడు తక్కువ చూపును. మరికొన్ని సూక్ష్మజీవులు యూరియాను అమ్మోనియాగా మార్చి మూత్రమును క్షారముగా చేయును. క్షారములో ఎడ్రినలిన్ వంటివి త్వరగా చెడిపోవును. కావుననే డబ్బాను మొదటి తడవనుండియు శీతలపేటికలో 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున ఉంచుమందురు. సాయంకాలము వరకు వంటింటి గట్టుపై ఉంచి, పిమ్మట చల్లబరచినచో జరిగిన చెరుపు తిరిగిరాదు. శీతలపేటిక లేనివారు ఆ సంగతి ముందుగనే ప్రయోగశాలలో చెప్పవలెను. మూతగల పెట్టెలో మంచుగడ్డలు నింపి అందులో ఉంచు పద్ధతి కలదు.

కొన్ని పరీక్షల డబ్బాలలో ముందుగనే హైడ్రోక్లోరిక్ ఆమ్లము గాని, బోరిక్ ఆమ్లము గాని వేసి ఇత్తురు. అది మురికి నీరనుకొని కడిగివేసినవారు కలరు. కడుగరాదు. డబ్బాలోనికి సూటిగా మూత్రము విడువరాదు. ఆమ్లము చింది ఒడలు కాలును. శుభ్రమైన గిన్నెలో పట్టి మెల్లగా పోయవలెను. పిల్లలున్న ఇంట ఈ డబ్బాను మంచినీటి సీసాల ప్రక్కన ఎంతమాత్రము ఉంచరాదు. పైన పెద్ద అక్షరములతో చీటీ అంటించి, చేతికందని చోట ఉంచుడు. ఊరగాయ సీసాలు, పానీయముల సీసాలు ఈ పనికి తగవు.

సెరటోనిన్ అను హార్మోనుయొక్క శేషమును కొలుచు పరీక్షకు ముందు కొన్ని దినములు అరటిపండు, అనాసపండు, టమాటా, వంకాయ మానుమందురు. వానిలోనే సెరటోనిన్ ఉండుటచే లెక్క పెరుగును. మందుల మాట వేరు. పారసెటమాల్ సైతము కొన్ని పద్ధతులలో కొలతను చెరుపును. ఐనను వాడుచున్న మందును మీయంతట మీరు మానక, వాని పేర్లన్నియు వ్రాసియిచ్చి, ఏది ఆపవలెనో వైద్యునే అడుగుడు.

ఒక తడవ పోయినచో నీళ్లు పోసి సరిచేయకుడు, పోయినదని చెప్పుడు. వారు కోపపడిన కోపపడుదురు గాక.

ఆ తల్లులు తెచ్చిన కాగితమును తెలుగున వ్రాసి పాఠశాల కార్యాలయమున ఉంచితిని. కావలసినవారు అడిగి తీసికొనవచ్చును. ఒక్కొక్క ప్రయోగశాల పద్ధతి ఒక్కొక్కటి గాన, మీకిచ్చిన కాగితము దీనికి భిన్నముగా ఉన్నయెడల దానినే అనుసరింపవలెను. చదువుకొనుటకు సాయము కావలసినచో సాయంత్రము నాలుగు గంటల తరువాత నా గదికి రండు.