పాత కట్టడమైతే చాలు, రక్షణ ఉన్నట్టేనా?

మచిలీపట్నం నుంచి అవనిగడ్డ వెళ్ళే దారిలో చల్లపల్లి వస్తుంది. ఊళ్ళో అందరికీ గుర్తు యార్లగడ్డ జమీందారుల కోట. దేవరకోట ఎస్టేటు వ్యవహారాలు ఒకప్పుడు చల్లపల్లి నుంచే నడిచాయి. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తేవడంతో జమీందారీల కాలం ముగిసింది. శిస్తు రాబడి ఆగింది కానీ, ఇలాంటి కట్టడాలకు మరమ్మతు ఖర్చు మాత్రం ఆగదు.

వందేళ్ళు దాటితే ప్రభుత్వమే చూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1958 నాటి కేంద్ర చట్టంలో వందేళ్ళు అనేది అర్హత మాత్రమే. ముందు గెజెట్‌లో ప్రకటన రావాలి, అభ్యంతరాలకు రెండు నెలలు గడువు ఇవ్వాలి, ఆ తర్వాతే తుది నిర్ణయం. రాష్ట్ర ప్రభుత్వానికి కూడా 1960 నుంచి ఇలాంటి చట్టం ఉంది. దగ్గర్లోని ఘంటసాల బౌద్ధ దిబ్బ, బందరు కోట కేంద్ర పురావస్తు శాఖ జాబితాలో ఉన్నాయి. అలాంటి కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం. ఆపై 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి.

మరి మన పాత మసీదులు, దర్గాల సంగతేంటి?

వక్ఫ్ బోర్డులో నమోదైతే ఆ స్థలం వక్ఫ్ ఆస్తి అని రికార్డు ఉంటుంది. పాత మినార్, సున్నపు గోడ అలాగే నిలబడతాయని మాత్రం హామీ లేదు. స్థలం చాలడం లేదని జమాతే పాతది కూల్చి కాంక్రీటు వేయొచ్చు. నమాజీలు పెరిగితే ఆ అవసరం కూడా నిజమే. కాకపోతే కూల్చిన గోడ మళ్ళీ రాదు, దాని మీద చెక్కిన శాసనమూ రాదు.

అందుకే ముతవల్లీలు, కమిటీ పెద్దలు ఈ మూడు పనులు చేసి పెట్టుకోవాలి.

1. ఇనాం పట్టా, అడంగల్, వక్ఫ్ గెజెట్ నకళ్ళు తీసి ఒకే ఫైలులో పెట్టండి. సర్వే నంబరు, విస్తీర్ణం అన్నిట్లో ఒకేలా ఉన్నాయో లేదో చూడండి.

2. 2025 జూన్‌లో మొదలైన ఉమీద్ పోర్టల్‌లో వివరాలు ఎక్కాయో లేదో బోర్డులో కనుక్కోండి.

3. మరమ్మతుకు ముందు లోపలా బయటా ఫొటోలు తీయండి. ఉర్దూ, ఫార్సీ శాసనాలుంటే చదివించి రాసి పెట్టండి.

విస్తరణ తప్పదనుకుంటే పాత హాలును ఉంచి పక్కన కట్టే వీలుందేమో ముందు ఇంజినీరును అడగండి. కూల్చే నిర్ణయం ఆ తర్వాతే.