నాగార్జునకొండ: నీట మునుగని పేరులు

హైదరాబాదునుండి ఒక్క దినములో పోయి రాదగిన తావులలో నాగార్జునకొండ యొకటి. కోటగిరినుండి రాజధానికి వచ్చియున్న మేము తెల్లవాఱకమునుపే బయలుదేరి, సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణము చేసి, నాగార్జునసాగరమున లాంచీ యెక్కితిమి. పిమ్మట చాలసేపు ఎటు చూచినను నీరే. ఆ నీటియడుగున విజయపురి యను పట్టణ ముండెడిదని తలచినప్పుడు ఒడలు జలదరించినది.

ఇది పుట్టుదీవి కాదు. లోయనడుమ నిలిచిన కొండ. క్రీ. శ. మూడు, నాలుగు శతాబ్దములలో ఆ లోయ ఇక్ష్వాకు రాజులకు రాజధాని. 1926లో ఇచ్చటి శిథిలములు వెలుగులోనికి వచ్చినవి. మఱుసటి యేడు మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టు దొర త్రవ్వించెను. ఆనకట్ట కట్టుట నిశ్చయము కాగా, 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి యాధ్వర్యమున లోయనంతటిని శోధించి, ముఖ్యమైన కట్టడములను కొన్నిటిని రాతికి రాయి విప్పి కొండమీదను, గట్టుననున్న అనుపులోను మరల నిలిపిరి. 1967లో కాలువలకు నీరు విడిచిరి. మా వైపు పొలములకు నిజాంసాగరపు నీరు అన్నము పెట్టుచున్నది గనుక, జలాశయమును నిందించుటకు మాకు నోరాడదు. అయినను ఒక్క పట్టణమును బలిగొన్న నీరని మనసు కలుక్కుమనక మానదు.

విహారమువలె కట్టిన వస్తుశాలలో శిల్పములను చూచుటకే జనులు మూగుదురు. మాకు మాత్రము ఆ లోయ శాసనముల కథయే మిక్కిలి ప్రియమైనది. శాంతమూల మహారాజు అశ్వమేధము చేసినవాడు, మహాసేనుని భక్తుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీయో, బుద్ధుని మహాచైత్యమునకు స్తంభము లెత్తించినది. సుమారు 106 అడుగుల అడ్డము గల చైత్యమది! ఒక్క యింట రెండు ధర్మములు కలహము లేక యుండెను. శాంతమూలుని కుమారుడు వీరపురుషదత్తుడు మేనత్తయైన హమ్మశ్రీ కూతును పెండ్లాడెను. బాపిశ్రీ యను ఆ రాణి తన స్తంభశాసనమున తల్లిని మఱువక తలచినది. ఇది చెప్పగానే మాతోనున్న పిన్నమ్మగారు, "అయితే మన మేనరికము నాటినుండియు నున్నదన్నమాట!" అని సంతోషించిరి. రాజులు సైతము వాసిష్ఠీపుత్రుడు, మాఠరీపుత్రుడు అని తల్లి గోత్రముతోనే తమ్ము చెప్పుకొనిరి. నేటి పత్రములలో తల్లిపేరు వ్రాయుటకు చోటుకొఱకు మనము పోరాడవలసివచ్చినదే!

రాణులకు ధనమునకు కొదువ లేదు, దానమున వింత యేమి యందురేమో. బోధిశ్రీ రాణి కాదు. గృహస్థుల యింటి ఉపాసిక. వీరపురుషదత్తుని పదునాలుగవ యేట సింహళదేశపు భిక్షువులకై ఆమె చైత్యగృహము కట్టించినది. అంతటితో ఆగలేదు. ఒకచోట తటాకము, వేఱొకచోట భిక్షువులకు గదులు, కంటకశైలమున, అనగా కృష్ణాతీరపు ఘంటసాలయందు, రాతిమండపము. తన దానముల నన్నిటిని పేరుపేరున చెక్కించి, ఆ పుణ్యమున భర్తకు, తల్లిదండ్రులకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు, బిడ్డలకు పాలు పంచినది. ఇంటి పద్దు వ్రాయు చేతులే ఈ శాసనమును వ్రాయించినవని మాకు తోచినది. ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో నున్న ఆ పంక్తుల యర్థమును పెద్దవారు మాకు వివరించి చెప్పుచుండగా, మా చిన్నపిల్ల ఆ బంధువుల జాబితా విని వ్రేళ్ళు మడచి లెక్కపెట్టినది.

కొండమీద మరల నిలిపిన స్నానఘట్టపు మెట్లను, చైత్యపు పునాదిని చూచి, చెట్లనీడను పులిహోర తింటిమి. వెళ్ళువారు శుక్రవారము విడిచి పొండు. నాడు వస్తుశాల మూసియుండును. మంచినీరు, పిల్లలకు టోపీలు మఱువకుడు. గాలి హెచ్చిన దినములలో లాంచీ కదలదు గనుక ముందే విచారించుకొనుట మేలు. మరలివచ్చునప్పుడు పొద్దుండిన అనుపుకూడ చూచి రండు. అచ్చటి రంగస్థలపు మెట్లమీద పిన్నమ్మగారిని కూర్చుండబెట్టి, మేము నడుమ నిలిచి మెల్లగా పిలిచితిమి. పైమెట్టుననుండి ఆమె "ఓయి" అని బదులు పలికిరి.