గుండె ధమనులు - నూతన అయస్కాంత పరీక్ష

గత మాసమున ఆళ్లగడ్డ నుండి ఒక యువకుడు తన తండ్రిని నంద్యాలలోని నా వైద్యశాలకు తీసికొని వచ్చెను. మిద్దె మెట్లెక్కునపుడు రొమ్ము పట్టివేసినట్లగుట, కూర్చున్నంతనే తగ్గుట 2 నెలలుగా కలదట. వాయువని తలచి శొంఠి, జీలకఱ్ఱ నీరు త్రాగుచుండిరి. "సామీ, రక్తనాళంలో అణువులను గూడా చూపే స్కానింగు వచ్చిందంట గదా, నాయనకు అది చేయించమంటారా?" అని యువకుడడిగెను.

మన దేహములో అధికభాగము నీరు. నీటిలోని హైడ్రోజన్ కేంద్రకములు సూక్ష్మమైన అయస్కాంతముల వంటివి. భూమి అయస్కాంతబలమునకు సుమారు 30,000 రెట్లు గల యంత్రములో రోగిని పరుండబెట్టి రేడియో తరంగములను పంపినచో అవి చలించి సంకేతముల నిచ్చును. వానినుండి కంప్యూటరు చిత్రమును కూర్చును. ఇదియే ఎం.ఆర్.ఐ. దీనికి బాట వేసిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమానము లభించెను.

సామాన్యముగా ఇది అవయవముల ఆకృతిని చూపును. కాని గుండెపోటు వచ్చుటకు నాళము మిక్కిలి ఇరుకై యుండవలెనన్న నియమము లేదు. గోడలో చేరిన కొవ్వు వాపుచే లోలోన రగులుచు, పైపొర పలుచబడి పగిలినచో, అచ్చట రక్తము గడ్డకట్టి దారి మూయును. ఆళ్లగడ్డ శిల్పి రాతిని తట్టి నాదమువలన లోని పగులును కనిపెట్టును. 40 ఏండ్లు నాడి పట్టిన నా వ్రేళ్లకు ఈ పగులు తెలియదు. ఇది దాచుట న్యాయము గాదు.

కొత్త పద్ధతిలో అతిసూక్ష్మమైన ఇనుప ఆక్సైడు రేణువులను సిరలోనికి ఎక్కింతురు. వాపున్న చోట గుమిగూడిన భక్షకకణములు వానిని మ్రింగగా, తరువాత తీసిన చిత్రములో ఆ చోటు నల్లగా కనబడును. రక్తపుగడ్డలోని ఫైబ్రిన్ పోగులకే అంటుకొను గడోలినియం మందు మరియొకటి. దానితో గడ్డ తెల్లగా మెఱయును. మెడలోని పెద్ద ధమనులలో ఇది కొంత సాధ్యమైనది. గుండె ధమనుల వెడల్పు 3, 4 మిల్లీమీటర్లే. పైగా ప్రతి స్పందనకు, ప్రతి శ్వాసకు కదలును. అందుచే ఈ పరీక్ష నేటికిని ప్రధానముగా పరిశోధనలోనే యున్నది.

"దానికోసం కాచుకోవద్దు నాయనా, ఈ పొద్దే ఇ.సి.జి. తీయించు" అంటిని. తెల్లమద్ది చెక్క కషాయము సైతము ఇయ్యలేదు. ఇచ్చినచో దానితో ఇంటికి పోయెదరని నా భయము. ఆంజియోగ్రామ్‌లో ఒక ప్రధాన ధమని చాలవరకు మూసికొనిపోయినట్లు తేలెను. స్టెంటు వేసిరి. కూర్చున్నను తగ్గని నొప్పి, చెమటలు ఉన్నచో ఇ.సి.జి. కొఱకు వెదకుచు తిరుగక తిన్నగా ఆసుపత్రికే పోవలెను.

గుండెకండరములో మచ్చ కలదా యని చూచుటకు మామూలు ఎం.ఆర్.ఐ. ఇప్పటికే ఉపయోగపడుచున్నది. చేయించుకొనువారు పేస్‌మేకరు, దేహములోని లోహపు ముక్కలు, మూత్రపిండవ్యాధి, వాడుచున్న మందులు, మా భస్మములతో సహా, ముందే చెప్పవలెను. మూత్రపిండములు బాగుగా చెడినవారికి కొన్ని గడోలినియం మందులు హాని చేయును.

ఆ పెద్దాయన మొన్న వచ్చి ఎగువ అహోబిలము ఎప్పుడెక్కవచ్చునని అడిగెను. గుండె డాక్టరును అడిగి రమ్మంటిని.