నీటిలో దాచిన విద్యుత్తు

పండిన ధాన్యాన్ని గాదెలో దాచుకోవడం కృష్ణా డెల్టా రైతుకు తెలుసు. విద్యుత్తుకు అట్టి గాదె సులభంగా దొరకదు. విజయవాడ చెంత ఇబ్రహీంపట్నంలోని థర్మల్ కేంద్రం బొగ్గుతో రేయింబవళ్ళు విద్యుత్తునివ్వగలదు. సౌరవిద్యుత్తు మాత్రం మధ్యాహ్నం పొంగి, దీపాలు పెట్టే వేళకు అడుగంటుతుంది.

మిగులును దాచే ఉపాయం కృష్ణానదిపై మునుపే ఉన్నది. నాగార్జునసాగర్‌లో 1980 దశకంలో అమర్చిన ఏడు టర్బైన్లు రెండు దిశలలోనూ తిరుగుతాయి. గిరాకీ తగ్గిన వేళ దిగువ నీటిని జలాశయంలోకి ఎత్తిపోస్తాయి. గిరాకీ పెరిగినప్పుడు ఆ నీటితోనే విద్యుత్తును ఉత్పత్తి చేస్తాయి. అయితే ఆ నీరు నారుమళ్ళది కూడా. కాలువలకు అవసరం లేని వేళ విద్యుత్తుకై వదిలిన నీరు ప్రకాశం బ్యారేజిని దాటి సముద్రం పాలవుతుంది. 2021 జూలైలో తెలుగు రాష్ట్రాల నడుమ వివాదం చెలరేగినది ఇందుకే.

2022లో నంద్యాల జిల్లా పిన్నాపురం వద్ద 1,680 మెగావాట్ల నిల్వ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. నూరు యూనిట్లు వెచ్చిస్తే తిరిగి వచ్చేవి సుమారు డెబ్బై అయిదు, ఎనభై. పగటి ధరకూ సాయంకాలపు ధరకూ గల అంతరం ఈ నష్టాన్ని మించితేనే పెట్టుబడికి ప్రతిఫలం. అక్కడ నదికి ఎడంగా, రెండు జలాశయాల నడుమ ఒకే నీరు పైకీ క్రిందికీ తిరుగుతుంది. ఒకసారి నింపిన పిదప ఆవిరైనంత మేరకు నీరు పోస్తే చాలు.