మలుపు దగ్గర ఐదు మీటర్లు

గుంటూరు నుంచి ఒక పాఠకుడు ఒకే ఒక్క ప్రశ్న రాశారు: "రోడ్డు పొడవునా సైకిల్ దారి గీస్తారు, బాగానే ఉంది. సెంటర్ రాగానే ఆ గీత ఎందుకు మాయమవుతుంది?" ఈ నెలకు రాసి పెట్టుకున్న వ్యాసాన్ని పక్కన పెట్టేశాను. సైకిల్ తొక్కేవాళ్ల ప్రాణానికి గండం ఉండేది సరిగ్గా ఆ గీత మాయమైన చోటే.

వేగం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. బండి వేగం గంటకు 30 కి.మీ. నుంచి 50కి పెరిగితే దాని గతిశక్తి దాదాపు 2.8 రెట్లవుతుంది. అందుకే నెమ్మదైన వీధిలో అందరూ కలిసి వెళ్లొచ్చు, వేగమైన రోడ్డు మీద మాత్రం సైకిల్‌కు విడిగా దారి, మధ్యలో గట్టు ఉండాలి. గీసిన రంగు గట్టు కాదు.

ఇక కూడలికి వద్దాం. సైకిల్ నేరుగా పోవాలి, దాని కుడిపక్కనున్న లారీ ఎడమకు తిరగాలి. సైకిల్ ఉన్నది క్లీనర్ సైడు, డ్రైవర్‌కు అద్దంలో కూడా ఆనని చోట. పైగా మలుపులో లారీ వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు చక్రం దాటింది కదా అని ఆగినవాణ్ణి వెనక చక్రం పట్టేస్తుంది.

దీనికి నెదర్లాండ్స్ ఇంజనీర్లు చేసిన ఉపాయం చూస్తే ఎన్నిసార్లయినా ముచ్చటేస్తుంది. అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి కాబట్టి మనకోసం బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పుకుందాం. కూడలి మూలలో నెలవంకలాంటి చిన్న రాతి దిమ్మె కడతారు, అంతే. ఆ దిమ్మె మలుపును బిగిస్తుంది. మలుపులో మనిషిని పక్కకు తోసే త్వరణం వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. సెకనుకు సెకనుకు 2.5 మీటర్ల తోపుడు దాకా ఓర్చుకుంటారనుకుంటే, 20 మీటర్ల వ్యాసార్ధమున్న మూలను కారు గంటకు 25 కి.మీ. వేగంతో తిరిగేస్తుంది. అదే 5 మీటర్లయితే 13 దాటలేదు. బోర్డూ అక్కర్లేదు, పోలీసూ అక్కర్లేదు.

దిమ్మె చాటున సైకిల్ దాటే చోటు కూడా ఒక కారు పొడవంత, అంటే సుమారు 5 మీటర్లు, లోపలికి జరుగుతుంది. అక్కడికి వచ్చేసరికి కారు దాదాపు తిరిగిపోయి ఉంటుంది. భుజం వెనక ఉండాల్సిన సైకిల్ ఇప్పుడు డ్రైవర్‌కు ముందద్దంలో ఎదురుగా కనిపిస్తుంది. ఆగి దారివ్వడానికి ఆ ఖాళీ చాలు, వెనకవాళ్ల హారన్లూ ఉండవు. మరి పెద్ద లారీ అంత ఇరుకులో తిరుగుతుందా? దిమ్మె చుట్టూ తక్కువ ఎత్తులో గరుకు రాళ్లు పరుస్తారు. లారీ వెనక చక్రాలు వాటి మీదెక్కి దిగుతాయి. కారువాళ్లు కుదుపుకు జడిసి అటు పోరు.

ఇక్కడ కాలిఫోర్నియా ఇంజనీరు జాన్ ఫారెస్టర్‌ను తలుచుకోవాలి. 1970లలో ఆయన వేరే దారులే వద్దన్నాడు. సైకిల్ కూడా వాహనమే, వాహనంలాగే రోడ్డు మీద నడపాలన్నాడు. వెనకనుంచి గుద్దేవాటికంటే కూడళ్లలో, మలుపుల్లో జరిగే ప్రమాదాలే ఎక్కువన్న ఆయన మాట నిజం. రోగం సరిగ్గానే పట్టాడు, మందే తప్పు రాశాడు. దిట్టంగా తొక్కగల పెద్దవాళ్లకు పనికొచ్చే సలహా పదేళ్ల పిల్లకు ఎలా పనికొస్తుంది? అమెరికా ఇంజనీర్లు చాలామంది ఆయన బాటే పట్టి దశాబ్దాలు పోగొట్టుకున్నారు. అదే కాలంలో నెదర్లాండ్స్‌లో 1971లో ఒక్క ఏడాదే రోడ్ల మీద 3,000 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు 'పిల్లల హత్య ఆపండి' అంటూ వీధుల్లోకి వచ్చారు. ఈ రోజు ఆ దేశంలో ప్రయాణాల్లో నాలుగో వంతుకు పైగా సైకిల్ మీదే.

మన దగ్గర? హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు వెంబడి 2023లో సౌర ఫలకల కప్పుతో 23 కి.మీ. సైకిల్ దారి వేశారు. పొద్దున్నే వ్యాయామానికి బాగుంటుంది, కూరగాయలకో బడికో వెళ్లడానికి అక్కరకు రాదు. ఊరి లోపలి కూడళ్లలో మాత్రం 'ఫ్రీ లెఫ్ట్' బోర్డులు! మూలను ఇంకా వెడల్పు చేసి, ఆగకుండా తిరగమని పిలవడం. ఇప్పుడు చెప్పుకున్న దానికి సరిగ్గా తలకిందులు. ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పథకం కింద తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లిచ్చారు. ఆ సైకిల్ దాటాల్సిన మలుపును ఎవరూ కొలవలేదు. రాతి దిమ్మెకు డబ్బుల్లేవంటే, ముందు ఒక్క నెల నాలుగు ఇసుక బస్తాలు నెలవంకలా పేర్చి, బండ్లు ఎంత వేగంతో తిరుగుతున్నాయో లెక్కపెట్టమనండి.