అటక మీది కంప్యూటరుకు వైండింగు మేస్త్రీయే దిక్కు

జగిత్యాల: బావి మోటారు కాలితే వైండింగు దుకాణానికి, టీవీ ఆగిపోతే రేడియో మెకానిక్ దగ్గరికి పరుగెత్తడం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాసులకు కొత్త కాదు. కాని అటక మీద మూటగట్టిన నలభై ఏళ్ల నాటి ఇంటి కంప్యూటరు మొరాయిస్తే ఎవరి గడప తొక్కాలి? దానికీ ఈ దుకాణాలే దిక్కంటే చాలామంది నమ్మరు. మొదట అనుమానించవలసింది కంప్యూటరును కాదు, దానికి కరెంటు అందించే చిన్న డబ్బాను.

బ్రిటన్‌లో సింక్లెయిర్ కంపెనీ 1982లో స్పెక్ట్రమ్ యంత్రాన్ని విడుదల చేసింది. దాని తరువాతి రకాన్ని డెసిబెల్స్ అనే సంస్థ 1986లో లైసెన్సు తీసుకుని 'డీబీ స్పెక్ట్రమ్ ప్లస్' పేరిట మన దేశంలో అమ్మింది. ఇంట్లోని టీవీయే దానికి తెర, టేప్‌రికార్డరే గిడ్డంగి. 48 కె ప్రోగ్రాము క్యాసెట్టు నుంచి ఎక్కడానికి సుమారు 5 నిమిషాలు పడుతుంది. ఆ ఐదో నిమిషంలో వోల్టేజి పడిపోయిందా, మళ్లీ మొదటికే!

వోల్టేజి కష్టాలు ఈ ప్రాంతానికి పాత చుట్టాలే. సిరిసిల్లలో 1970లో సహకార విద్యుత్ సరఫరా సంఘం (సెస్) ఏర్పడింది. ఊళ్లకు కరెంటు, మరమగ్గాలకు మోటార్లు వచ్చాయి. వాటి వెంటే కాలిన తీగ విప్పి కొత్త తీగ చుట్టే పనీ వచ్చింది. స్పెక్ట్రమ్ డబ్బాలో ఉన్నదీ ఆ పనే. ఒక ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, ఒక కెపాసిటర్, అంతే. తీగ తెగితే చుట్లు లెక్కపెట్టి, అదే గేజి ఎనామిల్ వైరు చుట్టి, వార్నిష్ పట్టించాలి. కెపాసిటర్ ఎండిపోతే టీవీ తెర మీద అడ్డగీతలు పాకుతాయి.

కొత్త అడాప్టరు కొనుక్కుంటే పోలేదా అనేవారున్నారు. చిక్కంతా అక్కడే ఉంది. బజారులో దొరికే అడాప్టర్లలో చాలావాటికి పిన్ను మధ్యభాగం ప్లస్, బయటిది మైనస్. స్పెక్ట్రమ్‌కు సరిగ్గా తలకిందులు, మధ్యలోనే మైనస్. తెలియక గుచ్చితే లోపలి ట్రాన్సిస్టర్ మాడిపోవచ్చు. దానితో మైనస్ 5 వోల్టుల సరఫరా ఆగితే పాత 4116 మెమరీ చిప్పులకూ ముప్పే. అందుకే "అన్నా, ఆన్ అయితలేదు" అని ఎవరైనా యంత్రం తెస్తే, పని తెలిసిన మెకానిక్ ముందుగా అడగవలసింది ఒక్కటే: "తమ్మీ, బజార్ల దొరికింది పెట్టినవా?"

మీటరు పెట్టి 9 వోల్టుల డబ్బా 12, 13 చూపిస్తున్నదని కంగారు పడనక్కరలేదు. లోడు లేనప్పుడు అది మామూలే. మోటారు సైకిల్ ఇండికేటరు బల్బు తగిలిస్తే 9 దగ్గరికి దిగాలి. 5, 6కు జారితే డయోడ్లో కెపాసిటరో పోయినట్లు. బల్బు రెండు రూపాల పరీక్షకు పనికొస్తుంది: కరెంటు లైనులో 40 వాట్ల బల్బును సీరిస్‌లో పెట్టి డబ్బాను చూస్తే, లోపల షార్టు ఉన్నప్పుడు బల్బు నిండుగా వెలుగుతుంది. కంప్యూటరుకు తగిలించడం ఆ తర్వాతి మాట.

అన్నిటికీ ఈ ధైర్యం పనికిరాదు. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పథకం కింద 250 పాఠశాలలతో మొదలుపెట్టి ఇచ్చిన బీబీసీ మైక్రో యంత్రాల సరఫరా భాగం వేరు. అందులో పెద్ద కెపాసిటర్ మీద 300 వోల్టులకు పైగా నిలుస్తుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా అది కొంతసేపు ఉండవచ్చు. మీటరుతో చూడకుండా చెయ్యి పెడితే ప్రాణానికే ముప్పు. ఏళ్ల తరబడి మూలపడ్డ వాటిలో ఫిల్టరు కెపాసిటర్ పగుళ్లిచ్చి, స్విచ్చి వేసిన కాసేపటికి ఘాటైన పొగ వదలడం పేరుమోసిన జబ్బు. ముందే మార్చడం మేలు.

కమడోర్ 64 డబ్బా ఇంకా మొండిది. చాలావాటిలో లోపలంతా గట్టి జిగురు పోసి మూసేశారు. విప్పడం కష్టం. రెగ్యులేటరు పాడైతే 5 వోల్టులు కాస్తా పైకి ఎగబాకి మెమరీ చిప్పులను కాలుస్తుంది. దాన్ని బాగుచేయడం కంటే కొత్త డబ్బా కట్టుకోవడమే నయం.

చుట్టి తెచ్చిన స్పెక్ట్రమ్ అడాప్టరు మీద తెల్ల రంగుతో 'మధ్యలో మైనస్' అని రాసి పెట్టుకుంటే ఇంట్లో పిల్లలు దాన్ని టేప్‌రికార్డరుకు పెట్టరు.