డబ్బా చేపకు నిమ్మరసమే తోడు
మయొనీజ్ లేకుండా పావుగంటలో సలాడ్

సికింద్రాబాద్: మృగశిర కార్తె ప్రవేశించిన నాడు రాంగోపాల్‌పేట చేపల మార్కెట్లో కాలు పెట్టడానికి సందుండదు. ఆ రోజు చేప ముక్క నోట పడాలని తెలంగాణ పల్లెల్లో పెద్దల మాట. అయితే జూన్ 8 ప్రాంతంలో కార్తె వచ్చేసరికి తూర్పు తీరంలో సముద్రపు వేటకు విరామం నడుస్తూ ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు ఒడ్డునే ఉంటాయి. ఇక చెరువు చేపే దిక్కు. గిరాకీ పెరిగిన నాడు దాని ధర అడగనే అక్కర్లేదు.

అటువంటి రోజుల్లో అక్కరకు వచ్చేది డబ్బా చేప. సికింద్రాబాద్‌లోని పెద్ద కొట్లలో ఇది దొరుకుతుంది. సెలవుపై ఊరికొచ్చే సైనికుల సంచుల్లోనూ ఒకటీ అరా కనిపిస్తుంది. తీరా డబ్బా ఇంటికి వచ్చాక దాన్ని ఏం చేయాలో తెలియక అటక మీద పెట్టే ఇళ్లే ఎక్కువ. పొయ్యి వెలిగించకుండానే దానితో కమ్మని సలాడ్ చేసుకోవచ్చు.

దండు కోసం పుట్టిన డబ్బా

సికింద్రాబాద్‌కు లష్కర్ అని మరో పేరు. లష్కర్ అంటే దండు. మూడో నిజాం సికందర్ జా పేరిట 1806లో ఈ ఊరికి నామకరణం జరిగింది. చిత్రమేమంటే, డబ్బా ఆహారం పుట్టింది కూడా దండు కోసమే. సైన్యానికి చెడిపోని తిండి కావాలని ఫ్రాన్స్ ప్రభుత్వం బహుమతి ప్రకటించింది. ఆహారాన్ని గాజు సీసాల్లో బిగించి, మరిగే నీటిలో ఉడికించే పద్ధతిని నికొలస్ అప్పేర్ కనిపెట్టి, 1810లో 12 వేల ఫ్రాంకులు అందుకున్నాడు. అదే ఏడాది ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ రేకు డబ్బాకు పేటెంటు పొందాడు.

ఇప్పటి కర్మాగారాల్లో చేప ముక్కలను డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఆవిరి ఒత్తిడిలో సుమారు 121 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తారు. అందుచేత చేప లోపలే పూర్తిగా ఉడికిపోతుంది. మళ్లీ వండనక్కర్లేదు.

డబ్బాల్లో ఎక్కువగా వచ్చేవి మూడు రకాలు. ట్యూనా అంటే మన సూర చేప. సార్డీన్ అంటే కవళ్లు. మాకెరల్ అంటే కనగుర్త. ఈ కనగుర్తకు ఒక గౌరవం ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్, అక్కడి 200 చేపలను వర్ణిస్తూ 1803లో గ్రంథం వెలువరించాడు. అందులో జాలరులు పిలిచే పేర్లనే రాశాడు. ఆ విధంగా కనగుర్త అన్న మన తీరపు మాట ఆ చేప శాస్త్రనామంలో నేటికీ నిలిచి ఉంది.

మయొనీజ్ ఎందుకు వద్దు?

డబ్బా చేపను మయొనీజ్‌తో కలిపి తినడం పాశ్చాత్యుల అలవాటు. పచ్చి గుడ్డు సొనను నూనెతో గిలక్కొట్టి మయొనీజ్ చేస్తారు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండే ప్రమాదం ఉంది. మన ఎండకు అది ఇట్టే పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు, జ్వరం పట్టుకుంటాయి. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ మరణించింది, పలువురు ఆసుపత్రి పాలయ్యారు. ఆ తరువాత తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయొనీజ్‌ను అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది.

మధ్యధరా సముద్ర తీర దేశాల వారిది వేరే దారి. ఇటలీ, గ్రీసు ప్రజలు చేపకు ఆలివ్ నూనె, నిమ్మరసం, ఉల్లి, ఆకుకూరలు చేర్చి సరిపెడతారు. మన ఇంట్లో కచుంబర్ చేసే తీరు కూడా దాదాపు ఇదే.

చేసే విధానం

నలుగురికి కావలసినవి: 180 గ్రాముల చేప డబ్బా ఒకటి, రాత్రి నానబెట్టి ఉడికించిన శనగలు ఒక కప్పు, ఉల్లిగడ్డ ఒకటి, టమాటాలు రెండు, కీరదోస ఒకటి, పచ్చిమిరప ఒకటి, కొత్తిమీర, పుదీనా గుప్పెడు, నిమ్మకాయ ఒకటి, నూనె రెండు చెంచాలు, మిరియాల పొడి చిటికెడు.

ఆలివ్ నూనె ఖరీదైనది. గానుగ వేరుశనగ నూనె గాని, నువ్వుల నూనె గాని వాడినా లోటు లేదు. ఆలివ్ కాయలకు బదులు మామిడి కాలంలో పచ్చి మామిడి తురుము వేస్తే పులుపు చక్కగా కుదురుతుంది.

ముందుగా ఉల్లిని సన్నగా తరిగి నిమ్మరసంలో అయిదు నిమిషాలు నానబెట్టాలి. ఘాటు తగ్గుతుంది. అందులో నూనె, మిరియాల పొడి వేసి చెంచాతో బాగా గిలక్కొట్టాలి. రసం చిక్కబడుతుంది. మయొనీజ్ చేసే పని ఇదే చేస్తుంది. తరువాత శనగలు, కూరగాయ ముక్కలు వేసి కలపాలి. డబ్బాలోని నీరు లేదా నూనె వంపేసి, చేపను చేత్తో పెద్ద ముక్కలుగా విడదీసి చివరన వేయాలి. గట్టిగా కలిపితే ముద్దవుతుంది. డబ్బా చేపలో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి రుచి చూశాకే ఉప్పు సంగతి. జొన్నరొట్టెలో చుట్టుకు తింటే పొలం పనికి వెళ్లేవారికి కడుపు నిండే భోజనం.

ఈ జాగ్రత్తలు తప్పవు

మూత ఉబ్బిన డబ్బాను, కారుతున్న డబ్బాను, అతుకు దగ్గర సొట్ట పడినదాన్ని, తెరవగానే బుస్సుమని చిమ్మినదాన్ని నోట పెట్టరాదు. రుచి చూడడం కూడా తగదు. గాలి చొరని చోట పెరిగే బొటులినం అనే సూక్ష్మజీవి విషం నరాలను పడగొడుతుంది. చూపు మసకబారడం, కనురెప్పలు వాలడం, మింగలేకపోవడం దాని లక్షణాలు. అవి కనిపిస్తే ఇంటి వైద్యం మాని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

తెరిచిన డబ్బాలో చేపను నిలవ ఉంచరాదు. మిగిలినదాన్ని గిన్నెలోకి తీసి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, రెండు రోజుల్లో ముగించాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఆ పూటకు ఆ పూటే తినేయాలి. సలాడ్ కలిపాక రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు.

గర్భిణులు, చిన్నపిల్లలు పెద్ద ట్యూనా చేపల కంటే కవళ్లు, కనగుర్తలు ఎంచుకోవడం మేలు. పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువగా చేరుతుంది. చిన్న చేపల్లో అది తక్కువ. పైగా డబ్బాలోని కవళ్ల ముళ్లు మెత్తబడి నమలడానికి వీలుగా ఉంటాయి. వాటిలోని సున్నం ఎముకలకు బలం.

డబ్బా చేప తాజా చేపకు సాటి రాదు. మన చెరువులో బొచ్చె, రవ్వ దొరికిన నాడు దాని జోలికి పోనక్కర్లేదు. వల ఖాళీగా తిరిగి వచ్చిన నాడు మాత్రం అటక మీది డబ్బా దించండి. దించగానే ముందు మూత చూడండి; నిమ్మకాయ కోయడం ఆ తరువాతే.